పొడి తువ్వాలు

పూలలంక,
శ్రావణ శుద్ధ విదియ.

అక్కయ్యకు,

మణి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా, ఒక్క నా కుడికాలి చిటికెన వేలు తప్ప.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది వంటింటి గూట్లో ఉంటుంది, దాని పక్కనే నీ మరదలు ఉంటుంది. నేను అందులో దగ్గినా వరహాలుకి తెలుస్తుంది, వరహాలుకి తెలిస్తే సాయంత్రానికి వీధంతా పరామర్శకి వస్తుంది. నువ్వు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషివి కాబట్టి నీ ఒక్కదానికే చెబుతున్నాను. జవాబు గుడి పేరు మీద రాయి. పోస్టు నేనే అందుకుంటాను.

చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య చర్మం నానబెట్టిన అటుకుల్లా తెల్లగా పాసిపోయి ఊడివస్తోంది. దురద సంగతి చెప్పలేను. రుద్రం చదువుతూ ఎడమ మడమతో కుడికాలి వేళ్ళు రుద్దుకుంటున్నాను. మొన్న సోమవారం ఆ ధ్యాసలో ఒక అనువాకం దాటేశాను. అది విశ్వనాథ్ చెవిన పడింది. మన పెదనాన్నగారబ్బాయి గుణం నీకు తెలుసుగా. అర్చకత్వం ఒక ఏడాది నాకు, ఒక ఏడాది వాడికి. ఈ ఏడు వంతు నాదే అయినా సోమవారాలు వచ్చి మండపంలో కూచుంటాడు. శివుడి కోసం కాదు, నా తప్పుల కోసం.

నన్నేం చెయ్యమంటావు? వానలు మొదలైన దగ్గర్నుంచీ గర్భాలయం తూము మారేడు దళాలతో పూడుకుపోతోంది. పాలూ తేనే పంచదారా కలిసిన నీళ్ళలో పూటంతా నుంచుంటాను. అభిషేకం శివుడికీ, నైవేద్యం నా కాలి వేళ్ళకీ అయింది. లోపలికి వెళ్ళే ప్రతిసారీ కాళ్ళు కడుక్కోవాలి. తుడుచుకోవడమంటావా, ఒంటి మీద ఉన్నది మడిబట్ట. పైపంచెతో కాళ్ళు తుడుచుకోవడం మన ఇంటా వంటా లేదు. దురద పుట్టినప్పుడల్లా ఇంకో చెంబు చన్నీళ్ళు పోసుకుంటున్నాను, కాసేపు హాయిగా ఉంటుంది.

రాత్రి ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. మన చినతాతయ్య కొబ్బరిబోండం చెక్కుతూ కత్తివేటుకి వేలు పోగొట్టుకున్నాడు కదా. అంగలోపం ఉన్నవాడు స్వామిని తాకకూడదన్నారు పెద్దలు. తరవాత బతికినన్నాళ్ళూ మండపం మెట్టు మీదే కూచున్నాడు. మనం ఆయన్ని బయటి తాతయ్య అని పిలిచేవాళ్ళం. నా వేలు కూడా ఊడి చేతికొస్తుందేమోనని లేచి దీపం పెట్టి చూసుకున్నాను. ఉంది. నవ్వుకుని పడుకున్నాను.

ఏదైనా మందు చెప్పు. బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు,
మణిశంకర్.


రాజమండ్రి, దానవాయిపేట,
శ్రావణ శుద్ధ దశమి.

చిరంజీవి మణికి అక్కయ్య ఆశీస్సులు, వాటితోపాటు అక్షింతలు కూడా.

నాకూ ఉత్తరమే నయం. ఫోనులో నాలుగు తిట్లు తిట్టేసరికి "గుళ్ళో ఎవరో వచ్చారక్కయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదివి తీరాలి.

నీకొచ్చిన దాన్ని ఆసుపత్రిలో అథ్లెట్స్ ఫుట్ అంటారు, అంటే ఆటగాళ్ళ కాలు. బళ్ళో కబడ్డీ అంటే కడుపునొప్పి తెచ్చుకునేవాడివి, చూడు ఈ వయసులో ఎంత బిరుదొచ్చిందో. బూట్లలో కాళ్ళు చెమర్చే వాళ్ళకీ, ఊడ్పుల్లో నీళ్ళలో వంగే ఆడవాళ్ళకీ, నీకూ వచ్చేది ఒక్కటే. బూజు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే పైన పట్టేది ఉందే, దాని చుట్టం. తడీ, చీకటీ, వెచ్చదనం ఉంటే అక్కడే కాపురం పెడుతుంది. నువ్వు దురదకని పోసుకుంటున్న ప్రతి చెంబూ దానికి పండగ భోజనం.

బస్సు పార్శిల్లో ఒక ట్యూబూ, రెండు తెల్ల నూలు తువ్వాళ్ళూ పంపుతున్నాను. తువ్వాళ్ళు నీ కాళ్ళకి మాత్రమే. ఒళ్ళు తుడుచుకోవద్దు, వరహాలుని ముట్టుకోనివ్వద్దు, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. కాళ్ళు కడిగినప్పుడల్లా ప్రతి వేలి సందూ విడదీసి పొడిగా తుడువు. పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు, రుద్దకుండా. అప్పుడు మందు రాయి, పొద్దునా రాత్రీ. తగ్గిపోయిందని నీకు అనిపించాక కూడా రెండు వారాలు రాయాలి. అందరూ తప్పేది అక్కడే. తూము పొడిపించు, నుంచునే చోట ఒక పీట వేసుకో. పీట మీద నుంచుంటే శివుడేమీ కోప్పడడు.

సత్తిరాజు మందుల కొట్లో ఏ ట్యూబు ఇస్తే ఆ ట్యూబు రాయకు.

ఇంకొక మాట. నీ షుగరు ఎంతుంది? ఉత్తరంలో దాని ఊసే లేదు. షుగరున్న వాడికి కాలి వేలి సందు చిన్న విషయం కాదురా. నేనే వచ్చి చూద్దును, కానీ పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ మీ బావగారిని పూట కూడా వదలలేకపోతున్నాను. కుడిచెయ్యి ఇంకా లేవలేదు. మాట ముద్దముద్దగా ఒకటీ అరా వస్తోంది.

అక్కయ్య,
దుర్గాశ్రీ.


పూలలంక,
శ్రావణ బహుళ షష్ఠి.

అక్కయ్యకు,

జయం! దురద పోయింది, ఎర్రదనం పోయింది. నిన్న రుద్రం ఒక్క అక్షరం జారకుండా చదివాను. విశ్వనాథ్ ముఖం చూడాల్సింది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, తిట్టకు. నీ ట్యూబు నాలుగు రోజులు రాశాను, ఇసుమంత కూడా తగ్గలేదు. ఈలోగా గోరింటాకు పెడితే పాసిన వేళ్ళు ఆరతాయని ఎవరో అంటుంటే విని, "పూజకి కాస్త గోరింటాకు నూరి పెట్టు" అని వరహాలుని అడిగాను. "ఏ పూజకండీ? అమ్మవారికైతే నేనే పెడతాను, ఇలా ఇవ్వండి" అంది. ఇంక దాచలేక కాలు చూపించాను. ముందు కిసుక్కున నవ్వింది, తరవాత ఏడ్చింది, తరవాత నూరి పెట్టింది. మర్నాడు నా వేళ్ళు పెళ్ళికూతురి వేళ్ళలా ఎర్రగా పండాయి. విశ్వనాథ్ చూసి "ఏరా, అత్తారింటికి పంపుతున్నారా?" అన్నాడు. మండపంలో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఆ మంటతోటే సత్తిరాజు కొట్టుకి వెళ్ళాను. "ఇది రాయండి పంతులుగారూ, రెండ్రోజుల్లో మీ కాలు మీరే గుర్తుపట్టలేరు" అన్నాడు. అన్నట్టే అయింది. రెండో రోజుకే నాకు ఒంటి మీద కాలుందన్న సంగతే మర్చిపోయాను. కాబట్టి మందు ఆపేశాను.

నీ తువ్వాళ్ళు బాగున్నాయి. వరహాలు వాటిని ఎంతో భక్తిగా చూసుకుంటోంది. షుగరు సంగతి వచ్చే నెల చూపించుకుంటాను. బావగారు ఎలా ఉన్నారు?

మణి.


రాజమండ్రి,
శ్రావణ బహుళ ద్వాదశి.

మణీ,

ఆ ట్యూబు పెట్టె మీదున్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పంపు. చూడకుండానే చెప్పగలను, మూడో నాలుగో మందులు కలిపి ఉంటాయి, అందులో ఒకటి స్టీరాయిడు. అది దురదని నిద్రపుచ్చుతుంది. ఎర్రదనాన్ని దాచిపెడుతుంది. బూజుని మాత్రం ఏమీ చెయ్యదు, పైగా అడ్డు లేకుండా పెరగనిస్తుంది. నువ్వు జయం అంటున్నావే, అది లోపల్లోపల పాకుతోందిరా నాయనా.

తిట్టడం లేదు, బతిమాలుతున్నాను. అది అవతల పారేసి మొదటి ట్యూబు మళ్ళీ మొదలుపెట్టు. నాలుగు రోజుల్లో ఏ బూజూ చావదు. అమలాపురంలో ఒక మంచి చర్మం డాక్టరుకి కాలు చూపించు. వచ్చే నెల కాదు, ఈ వారం. షుగరు పరీక్ష కూడా అప్పుడే. నేను అడిగిన దానికి "చూపించుకుంటాను" అని రాశావంటే మాత్ర కూడా మానేశావని అర్థమైంది. నిన్ను పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును.

అక్కయ్య.


పూలలంక,
ఆశ్వయుజ శుద్ధ చవితి.

అక్కయ్యకు,

ఇన్నాళ్ళూ రాయలేదు. వినాయక చవితీ, ఆ వెంటనే పితృపక్షం తద్దినాలూ, ఇప్పుడు నవరాత్రులూ, తీరిక లేదని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. నువ్వు చెప్పినట్టే జరిగిందని రాయడానికి సిగ్గేసింది.

మళ్ళీ వచ్చింది. ఈసారి వేళ్ళ సందుల్లో ఆగలేదు, పాదం మీదికి చక్రాల్లా పాకింది. సత్తిరాజు ట్యూబు రాసినన్నాళ్ళూ అణిగి ఉండేది, ఆపితే రెట్టింపు. మూడు ట్యూబులయ్యాక అది కూడా పనిచెయ్యడం మానేసింది. చిటికెన వేలి అడుగున చీలిక పడింది, దాన్లోంచి నీరు కారుతోంది. వాసన వస్తోందక్కయ్యా. గర్భాలయంలో సాంబ్రాణి రెట్టింపు వేస్తున్నాను. భక్తులు "అబ్బ, మన గుళ్ళో ఎంత సువాసనండీ" అంటున్నారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా నాకు భూమిలోకి కుంగిపోవాలనిపిస్తుంది.

తీర్థం ఇచ్చేటప్పుడు ఎవరైనా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి తప్పుకుంటున్నాను. పంతులుగారికి గర్వం పెరిగిందని అనుకుంటున్నారట.

నువ్వు చెప్పినవి చేస్తూనే ఉన్నాను, ఒట్టు. తూము బాగుచేయించాను, పీట వేసుకున్నాను, నీ ట్యూబు మళ్ళీ కొన్నాను, కడిగిన ప్రతిసారీ తుడుస్తున్నాను. అయినా తగ్గదేం? ఆ తువ్వాళ్ళ నూలు ఎక్కడిదో గానీ, తుడుచుకుంటుంటే ముక్కిన వాసన వేస్తోంది. గుళ్ళోకి తీసుకెళ్ళేవి మైలపడకూడదని వరహాలు వాటిని మడిబట్టల్లో కలిపేసింది. తనే తడిపి, పిండి, కర్రతో ఎత్తి వంటింటి పైదండెం మీద ఆరేస్తుంది. పెరట్లో వేస్తే ఎవరైనా తగులుతారని బయట పెట్టనివ్వదు. ఇంత శ్రద్ధగా చేసినా ఈశ్వరుడికి దయ రాలేదు.

ఒక మంచిమాట కూడా ఉంది. వారం నుంచి నొప్పి బొత్తిగా లేదు. నిన్న హారతి పళ్ళెంలోంచి కర్పూరం బిళ్ళ జారి ఆ వేలి మీదే పడింది. వరహాలు కేక వేస్తే గానీ నేను చూడలేదు. రాత్రిళ్ళు కాస్త జ్వరం తగులుతోంది, అది వాతావరణం వల్ల అనుకుంటాను.

మణి.


రాజమండ్రి,
ఆశ్వయుజ శుద్ధ నవమి.

మణీ,

నొప్పి లేదని మంచిమాటగా రాశావు. ఆ వాక్యం చదువుతుంటే కళ్ళజోడు జారి కిందపడింది. మీ బావగారు మంచం మీంచి "ఏ... ఏ..." అంటూ అడుగుతుంటే ఏమీ లేదన్నాను. ఆయనకి అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు.

నిప్పు పడితే తెలియని వేలు బాగున్న వేలు కాదురా. షుగరు దాని నరాలని తినేసింది. చీలికలోంచి చీము లోపలికి దిగుతోంది, ఆ జ్వరం దానిది. మాత్ర ఎప్పటినుంచి మానేశావో ఇప్పటికైనా చెప్పు.

తగ్గదేమని అడిగావు. ఆ దండెం వల్ల. మన వంటింట్లో కిటికీ ఎంతుందో నాకు తెలియదా? ఆ పొగలో, ఆ ఆవిరిలో, వానాకాలంలో, ఎండ మొహం చూడని తడి తువ్వాలు. మొదటి రోజు నీ వేళ్ళ బూజు దానికి అంటింది. రోజూ పైదండెం మీద పెరిగింది. రోజూ నువ్వే దాన్ని తెచ్చి మళ్ళీ వేళ్ళ సందుల్లో పూసుకున్నావు. నేను పంపిన తువ్వాలు, మా మరదలు భక్తి, ఇద్దరం కలిసి నీ కాలిని ఇక్కడికి తెచ్చాం. ఎండలో ఆరెయ్యమని ఒక్క ముక్క రాయలేకపోయాను. అది చెప్పాల్సిన విషయమని నాకు తట్టలేదు. మన అమ్మ కూడా అలాగే ఆరేసేదని గుర్తుకు రావాల్సింది.

వరహాలుని ఏమీ అనకు. ఆ తువ్వాళ్ళు తగలబెట్టమను. మడిబట్టలన్నీ సలసలా కాగే నీళ్ళలో ఉడికించి నడి పెరట్లో ఎండలో వెయ్యమను. సూర్యభగవానుడు తగిలితే మైల ఎలా అవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు.

నువ్వు మాత్రం ఈ ఉత్తరం అందిన పూటే బయలుదేరి రా. దసరా అయ్యాక అనకు. ఇక్కడి డాక్టరుతో మాట్లాడి ఉంచాను. వేలు ఇంకా దక్కుతుందేమో చూద్దాం.

నీ అక్కయ్య.


పూలలంక,
ఆశ్వయుజ బహుళ దశమి.

అక్కయ్యకు,

రాలేదని కోపంగా ఉంటావు. అమలాపురం వెళ్ళాను. వరహాలు ఏడుస్తుంటే కాదనలేక వెళ్ళాను. డాక్టరుగారు చిన్నవాడు, మర్యాదస్తుడు. వేలుని ఒక సూదితో పొడిచి "తెలుస్తోందా అండీ?" అన్నాడు. తెలియలేదు. సూది పక్కన పెట్టేశాడు. తరవాత, "ఇవాళే చేరండి. చీము తీసి చూస్తాం. వేలు తీసెయ్యాల్సి వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు" అన్నాడు. బీపీ మాత్ర ఇంటి దగ్గర మర్చిపోయానని చెప్పి బయటికి వచ్చేశాను. నాకు బీపీ లేదు.

మాత్ర ఉగాది నుంచి వేసుకోవడం లేదు. ఉపవాసాల రోజుల్లో కళ్ళు తిరుగుతున్నాయని మానేశాను, ఆ తరవాత అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను.

నీకు అర్థం కాదని కాదు, అయినా రాస్తున్నాను. ఇంకో ఆరు రోజుల్లో కార్తీకం. తెల్లవారుజామున తలుపు తీస్తే లోపలి చీకట్లో స్వామి ఒక్కడే ఉంటాడు. రాత్రి పెట్టిన పూల వాసన ఉంటుంది. నేను మొదటి చెంబు నీళ్ళు పోస్తాను. పదకొండో ఏట నాన్న నా చెయ్యి పట్టుకుని పోయించాడు, అప్పటి నుంచీ నాకు తెల్లారడమంటే అదే. చదువు రాలేదు, ఇంకో పని రాదు. వేలు తీయించుకుంటే మర్నాటి నుంచి నేను ఆ గడప దాటకూడదు. ఎవరో వచ్చి ఆపనక్కర్లేదు, నేనే దాటలేను. బయటి తాతయ్యని ఎవరూ ఆపలేదు. ఆయన ముఖం నీకు గుర్తుందా? ప్రసాదం చేతిలో పెడితే తినేవాడు కాదు, అలాగే పట్టుకుని లోపలికి చూస్తుండేవాడు.

ఈ ఒక్క నెలా గడవనీ అక్కయ్యా. పోలి స్వర్గం మర్నాడు నేనే వస్తాను. వేలు కాదు, కాలు తీయమన్నా ఇస్తాను. ఈ కార్తీకం నన్ను లోపల ఉండనీ.

మణి.


రాజమండ్రి,
ఆశ్వయుజ బహుళ త్రయోదశి.

మణీ,

కాలు ఇస్తానంటున్నావు. కాలుతో ఆగుతుందని నీకు ఎవరు చెప్పారు?

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన ఎడంచేత్తో నా కొంగు పట్టుకుని, చాలాసేపు పెదవులు కూడదీసుకుని "వె...ళ్ళు" అన్నారు. పక్కింటి సంపూర్ణమ్మగారు ఆయన్ని చూసుకుంటానన్నారు. రేపు పొద్దున్న కారు మాట్లాడుకుని వస్తున్నాను. ఉత్తరం కంటే నేనే ముందు వస్తానేమో, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. రాత్రంతా ఇలా ఏదో ఒకటి చేస్తూ ఉండాలి.

గర్భగుళ్ళో దాక్కుంటే మండపంలో నుంచుని ఊరంతా వినేలా పిలుస్తాను. విశ్వనాథ్ విన్నా సరే. నువ్వు నా మీద జన్మంతా కోపంగా ఉండు. కోపంగా ఉండడానికైనా మనిషివి ఉండాలి.

అక్కయ్య.


రాజమండ్రి,
మార్గశిర శుద్ధ సప్తమి.

చిరంజీవి మణికి,

నువ్వు ఇంటికి వెళ్ళాక ఇది మూడో ఉత్తరం. మొదటి రెంటికీ జవాబు లేదు. వరహాలు ఫోను చేసి, పుండు ఆరుతోందనీ, షుగరు అదుపులోకి వచ్చిందనీ, నువ్వు మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటున్నావనీ చెప్పింది. ఫోను ఇవ్వమంటే "నిద్రపోతున్నారు వదినా" అంది. పాపం, దానికి అబద్ధమాడడం చేతకాదు.

నిన్ను కార్లో మా ఆసుపత్రికి తెచ్చిన రోజు నువ్వు ఒళ్ళు తెలియని జ్వరంలో రుద్రం చదువుతున్నావు. ఎక్కడా తప్పు పోలేదు. డాక్టరు కాగితం నా ముందు పెట్టి, "ఇవాళ వేలు ఇస్తే పాదం దక్కుతుందమ్మా. రేపైతే నేను పాదం అడగాల్సి వస్తుంది" అన్నాడు. వరహాలు పెన్ను పట్టుకోలేకపోయింది. సంతకం నేనే పెట్టాను. ఆ గదిలో అలాంటి కాగితాలు ఎందరి చేతనో పెట్టించాను, "పెట్టండి, ఏం కాదు" అంటూ. పెట్టేవాళ్ళ చెయ్యి ఎంత బరువుగా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

నిన్ను గడప బయట పెట్టింది నేనే. అది కాదనను. మళ్ళీ ఆ కాగితం ముందుకొస్తే మళ్ళీ పెడతాను. కానీ మణీ, నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు. తిట్టి రాయి. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. ఖాళీ కవరైనా పంపు, నీ చేత్తో నా పేరు రాసి.

ఎడమకాలు జాగ్రత్త. రోజూ అద్దం పెట్టి అడుగు చూసుకో. వేళ్ళ సందులు పొడిగా ఉంచు. మాత్ర మానకు.

అక్కయ్య.


పూలలంక,
మాఘ శుద్ధ తదియ.

అక్కయ్యకు,

మణి నమస్కారాలు. నీ ఉత్తరాలన్నీ అందాయి. చదివాను. జవాబు రాయడానికి కూచున్న ప్రతిసారీ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. నీ మీద కోపమొచ్చింది, అది దాచను. నాకు మెలకువ వచ్చి దుప్పటి తీసి చూసుకున్న క్షణంలో నువ్వు ఎదురుగా నుంచుని ఉన్నావు, చంపెయ్యాలనిపించింది.

పుష్యమాసంలో వరహాలు చెయ్యి పట్టుకుని గుడికి తీసుకెళ్ళింది. నేను చెప్పినట్టే జరిగింది, ఎవరూ ఆపలేదు. గడప దాకా వెళ్ళి నేనే ఆగిపోయాను. మెట్టు మీద కూచున్నాను. బయటి తాతయ్య కూచున్న చోటే, రాయి అక్కడ కాస్త అరిగి ఉంటుంది. విశ్వనాథ్ లోపల ఉన్నాడు. వాడి గొంతు నా గొంతు కంటే బాగుంటుంది, అది ఎప్పుడూ ఒప్పుకోలేదు. ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టి తలొంచుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ ప్రసాదం తినలేకపోయాను. ఆ తరవాత రోజూ వెళ్ళి కూచుంటున్నాను. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక.

మెట్టు మీద కూచుంటే మనుషుల ముఖాలు కనిపించవు, కాళ్ళే కనిపిస్తాయి.

నిన్న సోమవారం. వాడు అభిషేకం మధ్యలో మారేడు దళాలకి బయటికి వచ్చాడు. మడమల మీద నడుస్తున్నాడు. లోపలికి వెళ్ళి నుంచున్నాక, రుద్రం చదువుతూ ఎడమ మడమతో కుడికాలి వేళ్ళు రుద్దుకున్నాడు. నేను వింటున్నాను. ఒక అనువాకం దాటేశాడు.

మళ్ళీ బయటికి వచ్చినప్పుడు, "విశ్వం, ఇలా రా. ఆ కాలు చూపించు" అన్నాను.

"ఏం లేదురా, చెప్పు కరిచింది."

"పుట్టి బుద్ధెరిగి నువ్వు చెప్పులేసుకోగా నేను చూడలేదు. కూచో."

కూచోలేదు. నన్ను కాదు, వరుసలో నుంచున్న జనాన్ని చూశాడు. "నీ దణ్ణం పెడతాను, గట్టిగా అనకురా. నీ సంగతి చూశాక నాకు నిద్ర లేదు. నాక్కూడా అదేనని తెలిస్తే ఈ గుడికి ఇంక ఎవరున్నారు?" అన్నాడు. వాడు అలా మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి. కార్తీకం నుంచీ ఉందట. సత్తిరాజు దగ్గర రెండు ట్యూబులు అయిపోయాయట. కాలు కడిగినప్పుడల్లా తుడుస్తున్నాడట కూడా, నన్ను చూసి నేర్చుకుని. తువ్వాలు ఎక్కడ ఆరేస్తున్నావంటే, ఇంట్లో పైదండెం మీద అన్నాడు.

అక్కయ్యా, ఆ మాట వినేసరికి నాకు ఏడుపొచ్చింది. చెయ్యి పట్టుకుని లాగి మెట్టు మీద కూచోబెట్టాను. నా భుజం మీద వరహాలు పెరట్లో ఎండేసిన తువ్వాలు ఉంది, ఇంకా వెచ్చగా ఉంది. వాడి కాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. "నాకంటే నాలుగు నెలలు పెద్దవాడివి, నా కాళ్ళు పట్టుకుంటావేంట్రా, నలుగురూ చూస్తున్నారు" అని వెనక్కి లాక్కోబోయాడు. చూడనీ అన్నాను. వేలు వేలూ విడదీసి తుడిచాను. నాలుగో సందులో తెల్లగా పాసింది గానీ చీలిక లేదు. చీపురుపుల్లతో తాకితే "అబ్బా" అన్నాడు. ఇంకోసారి తాకాను, మళ్ళీ అన్నాడు. ఆ అబ్బా ఎంత బాగుందో నీకు నేను చెప్పనక్కర్లేదు.

జనం చూశారు. ఒకరిద్దరు తమ కాళ్ళు కూడా చూసుకున్నారు. సాయంత్రం నందివర్ధనం చెట్టుకీ ధ్వజస్తంభానికి అవతలి రాటకీ మధ్య, ఎండ బాగా పడే చోట, తాడు కట్టాను. ఇక నుంచి గుడి తువ్వాళ్ళు అక్కడే ఆరతాయి. మైల అన్నవాళ్ళకి సూర్యభగవానుడి మాట చెబుతున్నాను, అది నీ మాటని చెప్పడం లేదు. తెల్లవారుజామున తలుపు వాడు తీస్తాడు, కాళ్ళు తుడవడం నేను చేస్తాను. నిన్న ప్రసాదం తిన్నాను.

నాలుగు తెల్ల తువ్వాళ్ళూ, నువ్వు మొదట పంపిన ఆ ట్యూబూ వెంటనే బస్సులో పంపు. ఆలస్యం చెయ్యకు, బావగారికి నా నమస్కారాలు చెప్పి ఈ పూటే పంపు. వాడికి పది వేళ్ళూ ఉన్నాయక్కయ్యా, తుడుస్తూ ఒక్కొక్కటీ చూశాను.

నీ తమ్ముడు,
మణి.